ఎగ్మూరులో ఆరు శనివారాలు: తొలినాటి క్రైస్తవంపై తెలుగు తరగతుల సమీక్ష

మొదటి శనివారం మధ్యాహ్నం హాలు గుమ్మం దగ్గర మా చేతిలో పెట్టినది రసీదు కాదు. చిరుగు అంచులతో కత్తిరించిన ఒక గోధుమరంగు అట్టముక్క. పొడవు తొమ్మిది సెంటీమీటర్లకు పిసరంత తక్కువ, వెడల్పు ఆరు. రెండు వైపులా ఏడేసి వరుసల గ్రీకు అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి గాని, ఒక్క వరుసా పూర్తిగా లేదు. అందరూ కుదురుగా కూర్చున్న తరువాత మాస్టారు ఆ ముక్కను పైకెత్తి చూపించి, దీని అసలు ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉన్నదనీ, యోహాను సువార్త 18వ అధ్యాయంలో రోమను అధికారి పిలాతు యేసును విచారించే ఘట్టంలోని కొన్ని మాటలు దీనిమీద మిగిలాయనీ, కొత్త నిబంధన చేతిరాత ప్రతులన్నిటిలోకి పాతది ఇదేనని చాలామంది లెక్కిస్తారనీ చెప్పారు. ఆ వెంటనే తన మాటకు తానే కళ్లెం వేశారు. 1935లో దీన్ని మొదటిసారి ప్రకటించినప్పుడు రెండవ శతాబ్దపు మొదటి సగానికి చెందినదన్నారు. కానీ అక్షరాల పోలికను బట్టి కట్టే తేదీకి అంత బిగువు ఉండదు గనుక, ఇప్పుడు రెండవ శతాబ్దం మొత్తాన్నీ, మూడవ శతాబ్దపు తొలి సంవత్సరాలను కూడా లెక్కలో ఉంచుకోవాలనే వాదం బలపడింది.

తరువాత ముక్కను వెనక్కి తిప్పమన్నారు. పిలాతు యేసుతో పలికాడన్న మాట వరకు అక్షరాలు ఉన్నాయి. పిలాతు అడిగిన "సత్యమనగా ఏమిటి" అన్న ప్రశ్న ఉండవలసిన చోట ఆకు చిరిగిపోయింది. వెనుక వరుసలో ఎవరో నవ్వారు. మాస్టారు మాత్రం దానిమీద ఏ చమత్కారమూ చెయ్యకుండా, ఆ చిరుగులో ఎన్ని అక్షరాలు పట్టి ఉంటాయో బల్లమీద లెక్క కట్టి చూపించడంలో పడిపోయారు. ఈ తరగతులు ఎలాంటివో నాకు అప్పుడే కొంత అర్థమైంది.

వివరాలు చెబుతాను. 2025 అక్టోబరు, నవంబరు నెలలలో, దీపావళి వారం మినహాయించి, ఆరు శనివారాలు, మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదున్నర వరకు, చెన్నై ఎగ్మూరు స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలోని ఒక అద్దె హాలులో ఇవి జరిగాయి. రుసుము మూడు వేల రూపాయలు. అందులోనే ఎనభై నాలుగు పుటల పాఠాల పుస్తకం, విరామంలో ఫిల్టరు కాఫీ కలిసి ఉన్నాయి. పాఠం చెప్పినది తొలి మూడు శతాబ్దాల క్రైస్తవాన్ని, దాని చేతిరాత ప్రతులను జీవితమంతా చదువుకున్న పండితుడు. నెల్లూరు వైపు పుట్టి, చాలాకాలం విదేశాలలో ఉద్యోగం చేసి, ఇప్పుడు చెన్నైలో ఉంటున్నారు. పేరు రాయవద్దని కోరారు గనుక రాయడం లేదు. నిర్వాహకుల పేరు నేనే విడిచిపెడుతున్నాను. కారణం కిందకు వచ్చేసరికి తెలుస్తుంది.

నేను క్రైస్తవుడిని కాను. ముప్ఫై ఏళ్లుగా తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. నకలు రాసేవాడి కన్ను ఎక్కడ జారుతుందో తెలిసినవాడికి, రెండు వేల ఏళ్లు చేతి నుంచి చేతికి నకళ్లుగా వచ్చిన గ్రంథం మీద కుతూహలం కలగకుండా ఎలా ఉంటుంది? చేరినప్పుడు నాకున్న ఆశ ఆ మాత్రమే. తరగతిలో ముప్ఫై ఐదుమంది దాకా ఉన్నాం. పెరంబూరు వైపు తెలుగు క్రైస్తవ సంఘాలవారు సగానికి పైగా ఉంటారు. వారిలో ఒక పాస్టరుగారు, ఒక రిటైరైన టీచరమ్మ ప్రతివారం మొదటి వరుసలోనే కూర్చునేవారు. మిగతావారిలో ఓఎమ్‌ఆర్ ఐటీ కంపెనీల కుర్రవాళ్లు నలుగురైదుగురు, నాలాంటి పుస్తకాల పురుగులు కొందరు.

ఇలాంటి తరగతులతో సాధారణంగా వచ్చే చిక్కు ఏమిటంటే, పండితులకు రెండు నాలుకలు ఉంటాయి. సదస్సులో "ఇది ఊహ మాత్రమే" అన్న సంగతినే, సభలో మామూలు జనం ముందు "ఇది రుజువైన సత్యం" అంటారు; లేదా జనం నొచ్చుకుంటారని దాన్ని అసలు ఎత్తరు. ఈయనకు ఆ రెండో నాలుక ఉందో లేదో చూసే అవకాశం నాకు అనుకోకుండా దొరికింది. రెండో తరగతి తరువాత నగరంలోనే జరిగిన ఒక విద్వత్సదస్సుకు ఆయన నన్ను రమ్మన్నారు. అక్కడ ఆయన ఇంగ్లీషులో చదివిన పత్రం తిమోతికి రాసిన మొదటి లేఖ మూడవ అధ్యాయం 16వ వచనంలోని ఒకే ఒక్క మాట గురించి. గ్రీకు లేఖకులు "దేవుడు" వంటి పవిత్ర నామాలను పూర్తిగా రాయరు. మొదటి, చివరి అక్షరాలు రాసి పైన ఒక గీత గీస్తారు. అలా రాసిన "దేవుడు" రెండే అక్షరాలు. "ఎవడైతే" అనే అర్థం వచ్చే సర్వనామమూ రెండు అక్షరాలే. రెండిటికీ తేడా మొదటి అక్షరం నడుమ ఒక చిన్న అడ్డగీత, పైన ఒక పెద్ద గీత. పాత ప్రతులలో సర్వనామం ఉన్నది. తరువాతివాటిలో ఎక్కువ భాగం "దేవుడు" అంటాయి. కొన్ని పాత ప్రతులలో ఆ గీతలు తరువాతి చేతులు చేర్చినవని సిరా చూసి పోల్చుకున్నారు. మన తెలుగు బైబిలులో అక్కడ "ఆయన సశరీరుడుగా ప్రత్యక్షుడయ్యెను" అని ఉంటుంది. అంటే మన అనువాదకులు సర్వనామం పక్షాన నిలబడ్డారన్నమాట.

సదస్సులో పాతికమంది లేరు. అందరూ చేతిలో పత్రం నకలు పట్టుకుని, పాదసూచికలలో ఎవరి పేరు ఉంది, ఎవరిది లేదు అని వెతికే రకం. అక్కడ ఆయన ఎవరితో విభేదిస్తున్నారో పేర్లతో చెప్పారు. ఎగ్మూరులో ఎందుకు విభేదిస్తున్నారో చెప్పేవారు. నాకు కనిపించిన తేడా అంతవరకే. అనుమానం ఉన్నచోట అనుమానాన్ని రెండు చోట్లా ఒకే పాళ్లలో ఉంచారు.

దానికి రుజువు మరుసటి శనివారం దొరికింది. రెండో తరగతిలో ఆయన, ఇప్పుడు కొత్త నిబంధనలో ఉన్న ఇరవై ఏడు పుస్తకాల జాబితా అచ్చంగా అదే రూపంలో మొదటిసారి అలెగ్జాండ్రియా బిషపు అథనాసియస్ 367లో రాసిన పండుగ లేఖలో కనిపిస్తుందని చెప్పి ఉన్నారు. సదస్సు టీ విరామంలో ఒక యువ పరిశోధకురాలు, అంతకు వంద ఏళ్లకు పైగా ముందే క్రైస్తవ పండితుడు ఓరిగెన్ యెహోషువ గ్రంథం మీద చేసిన ప్రసంగాలలో ఇంచుమించు అలాంటి జాబితా ఉన్నది కదా అని ఆయనను అడ్డుకుంది. ఆ ప్రసంగాలు మనకు రుఫీనస్ చేసిన లాటిన్ అనువాదంలోనే మిగిలాయి. జాబితా ఓరిగెన్‌దా, అనువాదకుడు తన కాలానికి తగినట్టు సవరించినదా అన్నది తేలని వివాదం. ఇంతటి చిల్లర విషయం ఎగ్మూరు హాలులో కూర్చున్నవారికి ఎందుకు అని ఎవరైనా అనుకుంటారు. ఆయన తరగతి మొదలుపెడుతూనే, "పోయిన తడవ నేను 'మొదటిసారి' అన్నాను. దాన్ని 'మనకు నిస్సందేహంగా దొరికినవాటిలో మొదటిసారి' అని దిద్దుకోండి" అని, ఎందుకో ఐదు నిమిషాలు వివరించారు. ముప్ఫై ఐదుమందిమీ పాఠాల పుస్తకం తెరిచి, హంసపాదు పెట్టి, మార్జినులో ఆ నాలుగు మాటలు ఎక్కించుకున్నాం. నా వృత్తిలో తప్పు ఒప్పుకున్న రచయితలను చూశాను గాని, డబ్బు కట్టి వినవచ్చిన జనానికి తప్పొప్పుల పట్టిక చదివి వినిపించిన పండితుడిని చూడటం ఇదే మొదలు. నేను మూడు వేలు కట్టినందుకు ఈ ఐదు నిమిషాలు చాలు అనిపించింది.

అన్ని తరగతులలోకి మూడవది గొప్పది. అది మార్కు సువార్త ముగింపు గురించి. నాలుగో శతాబ్దానికి చెందిన రెండు పెద్ద ప్రతులు, వాటికన్‌లో ఉన్నదీ, ఇప్పుడు ఎక్కువ భాగం లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న సినాయి ప్రతీ, పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతాయి. ఆదివారం తెల్లవారుజామున సమాధి దగ్గరకు వెళ్లిన స్త్రీలు, అది ఖాళీగా ఉండటం చూసి వణుకుతూ పారిపోతారు. ఎవరికీ ఏమీ చెప్పరు. తరువాత మనకు తెలిసిన పన్నెండు వచనాలు ఆ ప్రతులలో లేవు. ఇక్కడ మాస్టారు బల్లమీద గ్రీకులోని చివరి రెండు మాటలు రాశారు: మొదటిది "భయపడ్డారు", రెండోది "ఎందుకంటే" అని సాధారణంగా అనువదించే ఒక చిన్న అవ్యయం. గ్రీకులో ఆ అవ్యయం వాక్యంలో రెండో స్థానంలో వస్తుంది గనుక, రెండే మాటలున్న వాక్యం దానితోనే ముగియక తప్పదు. పుస్తకం మొత్తం "ఎందుకంటే" మీద ఆగిపోవడం వింతగా ఉండబట్టే, చివరి ఆకు పోయిందని కొందరు, రచయిత కావాలనే అలా ఆపాడని కొందరు వాదిస్తారు. తెలుగు బైబిలు దీన్ని "వారు భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు" అంటుంది. మన భాషలో కారణం ముందు, కార్యం తరువాత. గనుక వాక్యం చక్కగా సర్దుకుంటుంది, వింత మాయమవుతుంది.

మాస్టారు సుద్దముక్క పట్టుకుని కొంచెంసేపు ఊరుకున్నారు. తరువాత "ఎవరికీ ఏమీ చెప్పలేదు. భయపడ్డారు మరి" అని రాశారు.

ఆ "మరి" చూడగానే నాకు ఒళ్లు జలదరించింది. అతిశయోక్తి కాదు. ఏ నిఘంటువూ ఆ అవ్యయానికి "మరి" అని అర్థం ఇవ్వదు, కానీ మన ఇళ్లలో, "వాడు రాలేదేం?" అంటే "జ్వరం మరి" అన్నప్పుడు ఆ మాట చేసే పని, గ్రీకులో ఆ మాట చేసే పని ఒకటే. కారణాన్ని వెనక నుంచి మెల్లగా అందించి, ఇంకేం చెప్పను అన్నట్టు ఊరుకోవడం. పాస్టరుగారు లేచి, "అయితే మాస్టారూ, ఆ పన్నెండు వచనాలు ప్రక్షిప్తమనేగా మీరు అనేది? రేపు ఆదివారం నేను వాటిమీద ప్రసంగం చెయ్యాలి" అన్నారు. "ప్రక్షిప్తమన్న మాటకు దొంగతనం వాసన ఉంది అయ్యగారూ. రెండో శతాబ్దంలోనే బిషపు ఇరేనియస్ ఆ వచనాలలో ఒకదాన్ని మార్కుదిగా ఉదాహరించాడు. అంటే అవి చాలా పాతవే. పాతవి, కానీ మార్కు రాసినవి కాకపోవచ్చు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ప్రసంగం చెయ్యాలో వద్దో ప్రతులు చెప్పవు. అది మీరూ, మీ సంఘమూ తేల్చుకోవలసినది" అన్నది ఆయన జవాబు. పాస్టరుగారు సంతృప్తి పడ్డారని అనను. కానీ తరువాతి వారం మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు.

మా గ్రంథాన్నే ఎందుకు ఇలా విప్పి చూస్తారు అన్న బాధ ఇంకొకరు వ్యక్తం చేసినప్పుడు, మాస్టారు పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ముద్రణ సంగతి ఎత్తారు. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడన్న కథను ఆ సంపాదకులు అసలు పాఠం నుంచి తీసి అనుబంధంలో పెట్టారు. ఈసారి ఉలిక్కిపడటం మా వంతు అయింది. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేయడానికి ముందు ఎన్నో తాళపత్ర ప్రతులను పండితుల చేత పోల్చి చూపించుకున్న సంగతి కూడా చెప్పారు. ఎవరి ప్రతులైనా, చూసే పద్ధతి ఒకటే అని విడిగా చెప్పవలసిన అవసరం ఆయనకు రాలేదు.

లేఖకుల మీద చెప్పిన పాఠం నా సొంత పాఠం. ఒకే మాటతో ముగిసే రెండు వరుసల మధ్య నకలు రాసేవాడి కన్ను మొదటిదాని నుంచి రెండోదానికి దూకి, నడుమ ఉన్నదంతా పోవడం గురించి చెబుతుంటే, నేను దిద్దిన గ్యాలీలలో అలా పోయిన పేరాలన్నీ గుర్తుకు వచ్చాయి. వాటికన్ ప్రతిలో హెబ్రీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం మూడో వచనం దగ్గర ఒక గొడవ ఉన్నది. మొదటి లేఖకుడు "సమస్తాన్నీ వెల్లడి చేస్తూ" అని అర్థం వచ్చే మాట రాశాడు. తరువాత ఎవరో దాన్ని "భరిస్తూ" అని అర్థం వచ్చేలా దిద్దారు. శతాబ్దాలు గడిచాక మూడోవాడొకడు పాత మాటనే తిరిగి రాసి, పక్కన మార్జినులో ఇంచుమించు ఇలా తిట్టిపోశాడు: "పరమ మూర్ఖుడా, దుర్మార్గుడా, పాతదాన్ని ఉండనియ్యి, మార్చకు!" మా వృత్తిలో ఇలాంటి మార్జిను యుద్ధాలు కొత్త కాదు గనుక నేను ఆ మూడోవాడి పక్షం వహించడానికి సిద్ధపడ్డాను. తీరా చూస్తే, మిగిలిన ప్రతులన్నీ పోల్చిన మీదట ఇప్పటి సంపాదకులు నిలబెట్టినది ఆ "మూర్ఖుడు" దిద్దిన మాటనే. మన బైబిలులోని "నిర్వహించుచు" అక్కడి నుంచి వచ్చినదే. తిట్టినవాడిదే తప్పు.

నిసియా సభ గురించి క్లుప్తంగానే చెప్పారు, అంతే సరిపోయింది. 325లో, నేటి టర్కీలోని ఇజ్నిక్ అనే ఊళ్లో జరిగిన ఆ సభకు 2025తో 1700 ఏళ్లు నిండాయి. కాన్‌స్టంటైన్ చక్రవర్తి అక్కడే కూర్చుని ఏ సువార్తలు ఉంచాలో, ఏవి తగలబెట్టాలో నిర్ణయించాడట కదా అని ఒక ఐటీ కుర్రవాడు అడిగాడు. ఆ సభ తేల్చినవి యేసు తండ్రితో సమానుడు కాడన్న అరియస్ బోధ, పస్కా పండుగ తేదీ, సంఘ నిర్వహణకు సంబంధించిన ఇరవై నియమాలు. పుస్తకాల జాబితా వాటిలో లేదు. ఇక్కడితో ఆగి ఉంటే ఏ ఉపన్యాసకుడైనా చెప్పేదే. ఈయన ఆ పుకారు పుట్టిన చోటు కూడా చూపించారు: పుస్తకాలన్నీ బలిపీఠం దగ్గర పెట్టి ప్రార్థిస్తే, నిజమైనవి పైకి వచ్చి, కల్లవి కిందే ఉండిపోయాయని సభ జరిగిన ఐదు వందల ఏళ్ల తరువాతి గ్రీకు గ్రంథమొకటి కథ చెబుతుంది.

టీచరమ్మగారి ప్రశ్న లేకపోతే ఐదవ తరగతి చప్పగా ముగిసేదే. రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయంలో పౌలు వందనాలు చెప్పిన అంద్రొనీకు, యూనీయ అన్న ఇద్దరిలో యూనీయ ఆడమనిషా, మగమనిషా అని ఆమె అడిగారు. నలభై ఏళ్లుగా చదువుతున్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు అన్నారు. మన అనువాదం "వీరు అపొస్తలులలో ప్రసిద్ధి కెక్కినవారై" అంటుంది. తెలుగులో "వారు" అన్న తరువాత ఇక స్త్రీ పురుష భేదం పట్టుకోవడానికి వీలుండదు. గ్రీకులో ఆ పేరు స్త్రీదా పురుషుడిదా అన్నది ఆ వాక్యంలో స్వరచిహ్నం ఎక్కడ పడుతుందన్న దానిమీద ఆధారపడుతుంది. తొలి ప్రతులలో స్వరచిహ్నాలే లేవు. అయితే యూనియా అన్న స్త్రీనామం రోమను శాసనాలలో విరివిగా దొరుకుతుంది. అదే అక్షరాలతో పురుషనామం ఒక్కచోటా దొరకలేదు. నాలుగో శతాబ్దంలో ప్రసంగాలకు పేరుపడ్డ క్రిసోస్తొం ఆమెను స్త్రీగానే తలచి పొగిడాడు. ఇరవయ్యో శతాబ్దపు అచ్చు గ్రీకు ప్రతులు ఆమెను మగవాడిని చేసి, ఆ శతాబ్దం ముగిసేలోగా మళ్లీ ఆడమనిషిని చేశాయి. "అపొస్తలులలో ప్రసిద్ధురాలా, అపొస్తలులకు బాగా తెలిసినదా అన్నది వేరే తగాదా, దాన్ని కలపకండి" అని మాస్టారు ఒక హెచ్చరిక కూడా వేశారు. టీచరమ్మ తన బైబిలులో పెన్సిలుతో ఏదో రాసుకున్నారు. ఏమి రాసుకున్నారో నేను చూడలేదు.

ఇక లోపాలు. పాఠాల పుస్తకం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. మొదటి పది పుటలలోనే పంతొమ్మిది అచ్చుతప్పులు లెక్కపెట్టాను. "పాఠాంతరం" ఒకచోట "పాటాంతరం", ఒకచోట "పాఠాంత్రం". అథనాసియస్ మూడు పుటలలో మూడు పేర్లతో తిరిగాడు. ప్రతులలోని తప్పుల గురించి చెప్పే పుస్తకంలో ఇన్ని తప్పులు ఉండటం ఉదాహరణ కోసమా అని నిర్వాహకులను అడిగితే, వారికి అందులోని వెటకారం తెలియలేదు. హాలులో మైకు ఉన్నది, పనిచేయదు. పంకాల చప్పుడులో వెనుక మూడు వరుసలకు గ్రీకు మాటలు వినిపించేవి కావు. రసీదు నాలుగో వారం దాకా అందలేదు.

అన్నిటికన్నా నాకు కష్టం కలిగించినది పరంగిమల యాత్ర. సెయింట్ థామస్ మౌంటుకు అందరినీ తీసుకువెళ్లి, అక్కడి రాతి శిలువను మాస్టారే చూపిస్తారని చెప్పి, తలకు నాలుగు వందలు అదనంగా తీసుకున్నారు. ఆ రోజు వాన పడింది, యాత్ర రద్దయింది. వానకు ఎవరూ బాధ్యులు కారు. కానీ ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి మూడు ఫోన్లు, రెండు వాట్సాప్ సందేశాలు కావలసి వచ్చాయి. అడగనివారికి ఇప్పటికీ ఇచ్చినట్టు లేదు.

మాస్టారి మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉన్నది. రోము, గ్రీసు, ఈజిప్టు చుట్టూ ఐదు వారాలు తిప్పి, సిరియాక్ భాష మాట్లాడిన తూర్పు క్రైస్తవాన్ని, యేసు శిష్యుడు తోమా కథను ఆఖరి తరగతిలో చివరి ఇరవై నిమిషాలకు కుదించారు. నేను ఆ కొండ కిందే ఉంటాను. ప్రతి శనివారం సెయింట్ థామస్ మౌంటు స్టేషనులోనే రైలెక్కి ఎగ్మూరులో దిగేవాడిని. చెన్నైలో కూర్చుని తొలినాటి క్రైస్తవం చెబుతూ తోమాను తోకకు కట్టడం ఏమి న్యాయం? సదస్సుల పండితుల అలవాటు ఇక్కడ ఆయనను వదలలేదనిపించింది. వారి పటంలో ఎడెస్సాకు తూర్పున ఉన్నదంతా అంచే.

అయినా ఆ ఇరవై నిమిషాలు దండగ కాలేదు. తోమా భారతదేశానికి వచ్చాడని చెప్పే పాత గ్రంథం "తోమా కార్యములు". మూడవ శతాబ్దపు తొలి భాగంలో, బహుశా నేటి టర్కీలో ఉర్ఫా అని పిలిచే ఎడెస్సాలో, సిరియాక్‌లో పుట్టింది. అందులో తోమా వడ్రంగి. గుండఫోరు అనే రాజు మేడ కట్టమని డబ్బిస్తే, తోమా దాన్ని బీదలకు పంచిపెట్టి, నీ మేడ పరలోకంలో లేచిందని చెబుతాడు. చాలాకాలం ఆ రాజును కట్టుకథ అనుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో వాయవ్య భారతంలో, ఆఫ్ఘనిస్తాన్‌లో గొండొఫారెస్ పేరు ఉన్న నాణేలు బయటపడ్డాయి. రాజు ఉన్నాడు, కాలమూ సరిపోతుంది. అయితే ఆ రాజు ఏలినది తక్షశిల వైపు, మైలాపూరు వైపు కాదు. తోమా సమాధి ఈ తీరంలో ఉన్నదని పదమూడో శతాబ్దం చివర మార్కోపోలో రాశాడు. కొండ మీద పోర్చుగీసువారికి 1547లో దొరికిన శిలువ చుట్టూ ఉన్నది పహ్లవి లిపి. అంటే పారశీక సంబంధం ఉన్న క్రైస్తవులు వారికి చాలా ముందే ఇక్కడ ఉన్నారు. "తోమా రాలేదని ఎవరూ రుజువు చెయ్యలేదు. వచ్చాడని రుజువు చెయ్యడానికి ఇవి చాలవు. కానీ ఆయన వచ్చాడని నమ్మిన మనుషులు పారశీకం నుంచి ఇక్కడి దాకా ఉన్నారన్నది రుజువైన సంగతి; నాకు ఆ మనుషుల మీదనే ఆసక్తి" అన్నారు. గంట కొట్టారు. హాలు ఖాళీ చెయ్యాలి.

మరుసటి ఆదివారం వాన తెరిపి ఇచ్చిన తరువాత నేనొక్కడినే మెట్లెక్కి వెళ్లాను. బలిపీఠం వెనుక గోడలో ఉన్న ఆ రాతిపలకను దూరం నుంచి చూడటమే తప్ప, ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. పక్కన మాస్టారు ఉండి ఉంటే నాలుగు వందలు ఇవ్వడానికి నాకు అభ్యంతరం ఉండేది కాదు.

చేరదలచినవారికి రెండు మాటలు. విశ్వాసానికి బలం కావాలనుకునేవారికి గాని, దాన్ని కూల్చే ఆయుధాలు కావాలనుకునేవారికి గాని ఈ తరగతులు పనికిరావు. ఆ రెండో రకం వారు ఇద్దరు మూడో వారం తరువాత రావడం మానేశారు. గ్రీకు రానవసరం లేదు. బైబిలు తెచ్చుకోవాలి; పాత అనువాదమైతే మరీ మంచిది, ఎందుకంటే ఆయన వచనాలన్నీ అందులో నుంచే చదువుతారు. ముందు వరుసలలో కూర్చోవాలి. యాత్రకు ముందుగా డబ్బు కట్టకండి.

ఒక సంగతి దాచకూడదు. రెండో విడత తరగతులకు పాఠాల పుస్తకం ప్రూఫులు చూసిపెట్టమని మాస్టారు నన్ను అడిగారు, ఒప్పుకున్నాను. ప్రతిఫలం తీసుకోవడం లేదు, కానీ ఈ సమీక్ష చదివేవారికి అది తెలిసి ఉండాలి. తోమా పాఠానికి ఈసారి ఒక తరగతి పూర్తిగా కేటాయించినట్టు విషయసూచికలో ఉన్నది. ప్రూఫులు నిన్న వచ్చాయి. మూడో పాఠంలో ఆయన చేతిరాత ప్రతిలో "భయపడ్డారు మరి" అని స్పష్టంగా ఉన్నా, డీటీపీ చేసినవారు చివరి మాట అనవసరమనుకున్నారో ఏమో, "భయపడ్డారు" దగ్గరే పూర్ణవిరామం పెట్టేశారు. హంసపాదు వేసి, మార్జినులో ఆ మాట రాశాను.